ఇనప్పెట్టె నుంచి ఇంటి సర్వరు దాకా

విలువైన వస్తువు ఉన్న ప్రతి ఇంటికీ రెండు పనులుంటాయి. ఒకటి, దాన్ని దాచడం. రెండోది, దాచిన మనిషి లేనప్పుడు మిగతావాళ్ళు దాన్ని తీసుకోగలిగేట్టు చెయ్యడం. ఈ రెండూ ఒకటే పని అని మనం అనుకుంటాం. బాగా దాస్తే చాలు, తర్వాతివాళ్ళకి అదే చేరుతుందని నమ్ముతాం. చరిత్ర చూస్తే అలా కనిపించదు. దాచడంలో ఆరితేరినవాళ్ళు అందించడం దగ్గర తడబడిన సందర్భాలు మన తెలుగుదేశంలోనూ ఉన్నాయి, మనం వచ్చి స్థిరపడ్డ ఈ అమెరికాలోనూ ఉన్నాయి. ఈ వ్యాసం ఆ రెండో పని చరిత్ర గురించి.

ఇప్పుడెందుకీ ప్రస్తావన అంటారా? 1990లలో కంప్యూటరు ఉద్యోగాల కోసం ఈ దేశానికి వచ్చిన మా తరంవాళ్ళకి జుట్టు నెరిసింది. మాలో చాలామంది ఇళ్ళల్లో, బేస్‌మెంటులోనో క్లాజెట్టులోనో, ఒక చిన్న పెట్టె రాత్రింబవళ్ళు గుయ్యిమంటూ పని చేస్తూ ఉంటుంది. పిల్లల తొలి అడుగుల వీడియోలు, అమ్మానాన్నల ఫొటోలు, పన్నుల కాగితాలు, ఇండియాలో పొలం దస్తావేజుల నకళ్ళు అన్నీ అందులోనే. దాన్ని నడిపేది మాత్రం ఇంట్లో ఒక్కరే. ఆ ఒక్కరికీ ఏదైనా అయితే మిగతావాళ్ళ గతేమిటి?

తాళమూ, కమ్మరీ

మా తాతగారి తరంలో కాస్త కలిగినవాళ్ళ ఇంట్లో ఇనప్పెట్టె ఉండేది. లేనివాళ్ళకి చెక్క భోషాణం. భూమి దస్తావేజులు, ప్రోనోట్లు, జాతకాలు, నగలు అందులో ఉండేవి. తాళంచెవి తాతగారి మొలతాడుకో, బామ్మ చెంగు ముడిలోనో ఉండేది. పెద్దాయన పోయాక పెట్టెలో ఉన్నదాని కోసం అన్నదమ్ములు కొట్టుకున్న ఇళ్ళ గురించి విన్నాను కాని, పెట్టె తెరవలేక వదిలేసుకున్న ఇంటి గురించి నేనెప్పుడూ వినలేదు. చెవి దొరక్కపోతే కమ్మరిని పిలిచేవారు. నలుగురు పెద్దమనుషుల ఎదుట తాళం పగలగొట్టించేవారు. అంతటితో సరి. ఆ తాళం దొంగని కాసేపు ఆపగలదు కాని, వారసుణ్ణి శాశ్వతంగా ఆపలేదు. అందుకని రెండో పని గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించనక్కరలేకపోయింది.

పుస్తకాల సంగతి వేరు. మన వాతావరణంలో తాటాకుకి ఆయుర్దాయం తక్కువ. పురుగు, చెమ్మ, చెద, నిప్పు అన్నీ దానికి శత్రువులే. తాళపత్ర గ్రంథాన్ని కాపాడడం అంటే పెట్టెలో పెట్టి తాళం వెయ్యడం కాదు, పాతది పాడవకముందే కొత్త ఆకుల మీద మళ్ళీ రాయించడం. ఒక తరం ఆ పని మానేస్తే గ్రంథం పోయినట్టే. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకి జీతాలిచ్చి చేయించింది సరిగ్గా ఇదే: ఎక్కడెక్కడి ప్రతులో తెప్పించడం, పోల్చి చూడడం, శుద్ధప్రతి రాయించడం. కంప్యూటరు భాషలో చెప్పాలంటే ఆయన చేయించింది బ్యాకప్పు.

తాటాకుతో ఈ బాధ పడలేకే కాబోలు, తాళ్ళపాకవారు రాగిని నమ్ముకున్నారు. 15వ శతాబ్దపు వాగ్గేయకారుడు అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోనే సంకీర్తన భాండారం అనే చిన్న గదిలో భద్రపరిచారు. రాగికి చెద పట్టదు. దాచే పని అంతకన్నా బాగా చెయ్యడం ఆ రోజుల్లో ఎవరికీ సాధ్యం కాదు. కాని కాలక్రమాన ఆ గదిలో ఏముందో జనం మరిచిపోయారు. 1920లలో ఆ రేకులు మళ్ళీ వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు వాటిని పరిష్కరించారు. ఇప్పుడు మనకి దొరుకుతున్నవి సుమారు పన్నెండు వేల పైచిలుకు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. రేకుల మీద సాహిత్యం ఉంది, పాట పైన రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. ఆ రోజుల్లో బాణీ పాడేవాళ్ళ గొంతులో ఉండేది. వాళ్ళు పోయారు, వాళ్ళతోనే బాణీలూ పోయాయి. ఈనాడు మనం వింటున్న అన్నమయ్య పాటలకి చాలావరకు బాణీలు కట్టింది రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారితో మొదలుపెట్టి 20వ శతాబ్దపు సంగీత విద్వాంసులే. రేకు నిలిచింది కాని, దాన్ని ఎలా పాడాలో తెలిసిన మనిషి నిలవలేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్ళీ అవసరపడుతుంది.

కరణంగారి దస్త్రాలు

రెండో ఉదాహరణ మనలో చాలామందికి చిన్నప్పటి జ్ఞాపకమే. ఊళ్ళో ఎవరి పొలం ఎంత, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పైరు వేశారు, శిస్తు ఎంత అన్న లెక్కలన్నీ కరణంగారి దగ్గర ఉండేవి. చాలా ఊళ్ళల్లో వాటికి వేరే కచేరీ లేదు. అడంగలూ, మిగతా లెక్కలూ గుడ్డలో మూట కట్టి ఆయన ఇంట్లోనే అటక మీదో, బీరువాలోనో ఉండేవి. ఉద్యోగం వంశపారంపర్యం కాబట్టి, కొడుకు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునేవాడు. ఏ కాగితం ఏ మూటలో ఉందో, ఫలానా గుర్తుకి అర్థం ఏమిటో రాసి పెట్టవలసిన అవసరం ఉండేది కాదు. ఇంట్లోనే మరో తల సిద్ధమవుతూ ఉండేది కదా.

1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో ఆ గ్రామాధికారుల పదవులన్నీ రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం మంచిదేనా కాదా అన్నది వేరే చర్చ. మన విషయానికి కావలసింది ఒక్కటే: ఇళ్ళల్లో ఉన్న దస్త్రాలు ఒక్కసారిగా కొత్తవాళ్ళ చేతికి రావలసివచ్చింది. మూటలు అప్పగించడం తేలికే. ఆ మూటల్లో ఏది ఎక్కడ ఉందో తెలిసిన జ్ఞాపకాన్ని అప్పగించడం ఎలాగ? పదవి పోయాక కూడా పాత కరణంగారి ఇంటికి వెళ్ళి, “కాస్త ఈ సర్వే నంబరు సంగతి చూసిపెట్టండి” అని జనం అడుగుతూ ఉండేవారని మా పెద్దలు చెప్పేవారు.

మన ఇళ్ళల్లో సర్వరు నడిపే మనిషి ఈనాటి కరణం. దస్త్రాలు ఇంట్లోనే, గుర్తులన్నీ ఆయన బుర్రలోనే. ఒకటే తేడా. కరణంగారి పక్కన కొడుకు కూర్చుని నేర్చుకునేవాడు. మన పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు.

పాస్‌వర్డు పుట్టుక

కంప్యూటరులో పాస్‌వర్డు పుట్టింది దొంగలకి భయపడి కాదు. 1961లో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బతో బృందం ఒకే కంప్యూటరుని చాలామంది ఒకేసారి వాడుకునే సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థని తయారుచేసింది. ఒకరి ఫైళ్ళు ఇంకొకరివాటితో కలవకుండా ఉండడానికి తలా ఒక పాస్‌వర్డు ఇచ్చారు. అది హాస్టలు గదికి వేసుకునే తాళం లాంటిది. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన యంత్రకాలం చాలక, పాస్‌వర్డులున్న ఫైలుని ఏకంగా అచ్చు తీయించుకుని, ఇతరుల పద్దులో పని చేసుకున్నాడట. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే ఈ సంగతి బయటపెట్టాడు. అంటే ఆనాటి తాళానికి కూడా కమ్మరి ఉన్నాడు. ఎవరైనా పాస్‌వర్డు మరిచిపోయినా, మరణించినా, యంత్రం చూసుకునేవాళ్ళు ఫైలు తీసి చూస్తే సరిపోయేది.

ఆ కమ్మరిని తీసేసిన ఘట్టం 1979లో కనిపిస్తుంది. అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘం, ఎ.సి.ఎం., ప్రచురించే పత్రిక నవంబరు సంచికలో బెల్ ల్యాబ్స్‌కి చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఒక వ్యాసం రాశారు. యూనిక్స్ వ్యవస్థలో పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు దాచకుండా, వెనక్కి తిప్పడానికి వీలులేని రూపంలోకి మార్చి దాచడం ఎలాగో అందులో వివరించారు. ఇక ఫైలు చూసినా లాభం లేదు. యంత్రం యజమానికి కూడా మన పాస్‌వర్డు తెలియదు. ఆ తర్వాత ఫైళ్ళకీ, డిస్కులకీ కూడా గట్టి తాళాలు వచ్చాయి. 2001లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా ఆమోదించిన ఎ.ఇ.ఎస్. పద్ధతిలో తాళం వేసిన డిస్కుని, తాళంచెవి లేకుండా పగలగొట్టి తెరిచే కమ్మరి ఈ భూమ్మీద లేడు.

విచిత్రం ఏమిటంటే, అదే పత్రిక అదే నవంబరు సంచికలో, కొద్ది పేజీల తర్వాత, ఆది షమీర్ రాసిన మరో చిన్న వ్యాసం ఉంది. ఒక రహస్యాన్ని కొన్ని ముక్కలుగా పంచడం ఎలాగ అన్నది దాని విషయం. ఉదాహరణకి ఐదుగురికి ఐదు ముక్కలిస్తాం. వాళ్ళలో ఏ ముగ్గురు కలిసినా రహస్యం బయటికొస్తుంది. ఇద్దరు కలిస్తే మాత్రం ఏమీ తెలియదు. మన ఇనప్పెట్టె దగ్గర నలుగురు పెద్దమనుషులు నిలబడ్డట్టే, కాకపోతే లెక్కల్లో. మొదటి వ్యాసంలోని ఆలోచన ఇవాళ ప్రతి ఫోనులోనూ, ప్రతి బ్యాంకులోనూ ఏదో ఒక రూపంలో ఉంది. రెండోది నిపుణుల చేతిలో ఉండిపోయింది, సామాన్య గృహస్థు దాకా పెద్దగా రాలేదు. దాచడానికీ అందించడానికీ ఒకే నెలలో విత్తనాలు పడ్డాయి. మన ఇళ్ళల్లో మొలిచింది ఒకటే.

ఇంటి సర్వరు ఎలా వచ్చింది

1991లో లినక్స్ వచ్చింది. దాదాపు అదే సమయంలో సాంబా అనే ప్రోగ్రాము మొదలై, లినక్స్ యంత్రంలోని ఫైళ్ళని విండోస్ యంత్రాలు చదివే వీలు కల్పించింది. ఆఫీసులో పారేస్తున్న పాత పీసీని ఇంటికి తెచ్చి, లినక్స్ ఎక్కించి, బల్ల కింద పెట్టడం మా తరంలో ఒక సరదా. డిజిటల్ కెమెరాలు రావడంతో ఆ సరదా అవసరంగా మారింది. 2005లో ఫ్రీనాస్ వచ్చింది. 2007లో మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఇళ్ళ కోసమే విండోస్ హోమ్ సర్వర్‌ని అమ్మకానికి పెట్టింది, 2012లో ఇక కొత్తది రాదని చెప్పేసింది. అదే 2012లో రాస్ప్‌బెరీ పై అనే అరచేతి కంప్యూటరు వచ్చి, కరెంటు బిల్లు భయం లేకుండా సర్వరు నడపడం నేర్పింది.

ఎందుకీ అవస్థ, కంపెనీలే ఉచితంగా దాచిపెడుతున్నాయి కదా అని మా ఇంట్లోనూ అడిగారు. 2009 అక్టోబరులో యాహూ సంస్థ జియోసిటీస్‌ని మూసేసినప్పుడు, లక్షలాదిమంది పదేళ్ళపాటు కట్టుకున్న పేజీలు అక్కణ్ణుంచి మాయమయ్యాయి. అద్దె కొంపలో గోడకి మేకు కొట్టడం లాంటిదే అది. సొంత ఇల్లు ఉండాలన్న పట్టుదల అక్కణ్ణుంచి బలపడింది.

కాని సొంత ఇంటికి సున్నాలూ, మరమ్మతులూ ఉంటాయి. తిరిగే డిస్కు నాలుగైదేళ్ళకి అలసిపోతుంది. యూపీఎస్ బ్యాటరీ అంతకన్నా ముందే పోతుంది. ఫ్యానులో దుమ్ము పడుతుంది. ప్రోగ్రాములు ఎప్పటికప్పుడు తాజా చెయ్యకపోతే దొంగలు దూరతారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దుష్ట ప్రోగ్రాము సరిగ్గా ఇలాంటి ఇంటి పెట్టెల్లోకే చొరబడి, ఫైళ్ళకి తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. రెండు డిస్కుల్లో జంటగా రాసే రెయిడ్ పద్ధతి ఉంది కదా అంటారు. బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ 1988లో ప్రతిపాదించిన ఆ పద్ధతి, ఒక డిస్కు పోయినా పని ఆగకుండా చూస్తుంది. అది బ్యాకప్పు కాదు. పొరపాటున ఫొటో చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ చెరిగిపోతుంది. ఇల్లు కాలితే రెండూ కాలతాయి. బ్రౌన్ పండితుల చేత చేయించిన పని దీనికీ తప్పదు: వేరే చోట వేరే ప్రతి ఉండాలి.

ఇంకో చిక్కు మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. 1990లలోనూ, 2000 తర్వాత కొన్నేళ్ళూ మన సంఘాల సావనీర్లు ఎన్నో పేజ్‌మేకర్‌లో, అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫాంట్లు దేనికదే ప్రత్యేకం, ఒకదాని సంకేతాలు ఇంకొకదానికి తెలియవు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చుపని అలవాట్లు మారడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇవాళ ఆ పాత ఫైలు తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు ఉంది, చెడలేదు, తాళం కూడా లేదు, అయినా చదవలేం. రాగిరేకు మీద రాగం పేరు ఉన్నట్టే అన్నమాట.

ఒక ఇంటి కథ

ఇదంతా పుస్తకాల్లో సంగతి అనుకుంటారేమో. కొన్నేళ్ళ కింద మా ఊళ్ళో ఒక మిత్రుడు హఠాత్తుగా పోయాడు. మంచి పనిమంతుడు. ఆయన ఇంటి సర్వరు చూసి మేమందరం ముచ్చటపడేవాళ్ళం. ఆయన పోయిన నెలలోనే, ఖర్చు తగ్గించుకుందామని ఇంట్లోవాళ్ళు ఆయన సెల్‌ఫోను నంబరు రద్దు చేయించారు. అందులో తప్పేముంది? ఎవరైనా చేసే పనే. కాని ఆయన ఈమెయిలు తెరవాలంటే ఆ నంబరుకి కోడు వస్తుంది. ఈమెయిలు తెరవకపోతే కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు, పిల్లల కాలేజీ ఖాతా దేనికీ కొత్త పాస్‌వర్డు తెచ్చుకోలేరు. ఒక్క నంబరు పోవడంతో పది తలుపులు మూసుకున్నాయి. ఇండియాలో ఆయన బ్యాంకు ఖాతా ఇంకో నంబరుకి కట్టేసి ఉంది. దానికి రీచార్జి చేసే మనిషి లేక అదీ రద్దయింది.

సర్వరు మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. దాదాపు ఏడాదికి ఒక రాత్రి బేస్‌మెంటులోంచి కీచుమని చప్పుడు మొదలైంది. ఆవిడ పొగ అలారం అనుకుని బ్యాటరీలు మార్చారు. చప్పుడు ఆగలేదు. చివరికి గోడలోంచి తీగ లాగేశారు. మర్నాడు కబురు చేస్తే నేనూ, ఇంకో ఇద్దరం వెళ్ళాం. ఒక డిస్కు పాడైంది, రెండోది బాగానే ఉంది. కాని మళ్ళీ కరెంటు పెట్టగానే అది తాళంచెవి వాక్యం అడిగింది. ఆ వాక్యం ఆయనకే తెలుసు. ఇల్లంతా వెతికాం. పుస్తకాల మధ్య, బీరువాలో, దేవుడి గదిలో. దొరకలేదు.

ఫొటోలు చాలావరకు తిరిగొచ్చాయి. ఎప్పుడెప్పుడో బంధువులకి పంపినవి, వాళ్ళ ఫోన్లలో ఉన్నవి ఒక్కొక్కటే పోగు చేశారు. రాజమండ్రిలో వాళ్ళమ్మగారి చేత పాడించి ఆయన రికార్డు చేసిన మంగళహారతులు మాత్రం రాలేదు. అవి ఎవరికీ పంపలేదు. అవి ఉన్న డిస్కు ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది. చెక్కు చెదరకుండా ఉంది.

చట్టం ఎంతదూరం వస్తుంది

చట్టం ఈ విషయంలో ఆలస్యంగా కళ్ళు తెరిచింది. తెరిపించిన కేసు మేమున్న మిషిగన్‌లోని ఓక్లండ్ కౌంటీలోనే జరిగింది. 2004 నవంబరులో ఇరాక్‌లోని ఫలూజా దగ్గర జస్టిన్ ఎల్స్‌వర్త్ అనే మెరీన్ సైనికుడు మరణించాడు. కొడుకు ఈమెయిళ్ళు చూసుకోవాలని తండ్రి అడిగితే, యాహూ సంస్థ తన నిబంధనల ప్రకారం కుదరదంది. 2005 ఏప్రిల్‌లో ప్రొబేటు కోర్టు ఆదేశించాక ఆ ఉత్తరాలు సీడీ మీద ఇచ్చారు. జర్మనీలో అయితే, 2012లో మరణించిన ఒక బాలిక తల్లిదండ్రులు ఆమె ఫేస్‌బుక్ ఖాతా కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018 జులైలో అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం, కాగితం మీది ఉత్తరాలూ డైరీలూ వారసులకి చెందినట్టే ఈ ఖాతా కూడా చెందుతుందని తీర్పు చెప్పింది.

అమెరికాలో అడ్డంకి 1986 నాటి స్టోర్డ్ కమ్యూనికేషన్స్ చట్టం. ఇతరుల ఉత్తరప్రత్యుత్తరాలు కంపెనీలు బయటపెట్టకూడదని అది చెబుతుంది. వారసుల మాట అందులో లేదు. 2014లో డెలవేర్ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. 2015లో అన్ని రాష్ట్రాలకీ పనికొచ్చే నమూనా చట్టం తయారైంది. మిషిగన్ దాన్ని 2016లో ఆమోదించింది, ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. దాని వరస తెలుసుకోవడం మనకి అవసరం. మొదటి మాట, కంపెనీ ఇచ్చిన సదుపాయంలో మనం స్వయంగా నమోదు చేసింది. అది లేకపోతే, వీలునామాలో రాసింది. అదీ లేకపోతే, ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకున్న నిబంధనలు.

ఆ సదుపాయాలు ఉన్నాయి. గూగుల్ 2013 ఏప్రిల్‌లో, మన ఖాతా కొన్ని నెలలు కదలకపోతే మనం చెప్పినవాళ్ళకి అందించే ఏర్పాటు చేసింది. ఫేస్‌బుక్ 2015లో, యాపిల్ 2021 డిసెంబరులో అలాంటివే తెచ్చాయి. ఇవి వాడకపోతే నష్టం పెరిగింది కూడా: రెండేళ్ళు కదలని వ్యక్తిగత ఖాతాలని 2023 డిసెంబరు నుంచి చెరిపేస్తామని గూగుల్ ప్రకటించింది. ఇండియా బ్యాంకుల్లో పదేళ్ళు కదలని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి పోతాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గం అనే సదుపాయం వచ్చింది.

అయితే ఈ చట్టాలన్నీ కంపెనీల దగ్గరున్నవాటికే. ఇంటి సర్వరుకి కోర్టు ఏమని ఆదేశిస్తుంది? చక్కటి హక్కుపత్రం చేతిలో పెట్టుకుని, తెరుచుకోని డిస్కు ముందు కూర్చోవలసిందే.

ఆ మిత్రుడి ఇల్లు చూసొచ్చాక

ఇంతవరకు చెప్పిన చరిత్రలోంచి మా ఇంట్లో మేము పెట్టుకున్న పద్ధతి క్లుప్తంగా చెబుతాను. పనికొస్తుందనుకుంటే తీసుకోండి.

మొదటిది, కాగితం. ఒక నోటుబుక్కు, బ్యాంకు లాకరులో ఒకటి, మా చెల్లెలి ఇంట్లో ఒకటి. అందులో ముందుగా ఉన్నది పాస్‌వర్డుల జాబితా కాదు, వరస. మొదటి వాక్యం: నా ఫోను నంబరు ఏడాదిపాటు రద్దు చెయ్యకండి. రెండోది: ఇండియా నంబరుకి ఫలానా తేదీలోగా రీచార్జి చెయ్యండి. మూడోది: ముందు ఈమెయిలు తెరవండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. మా ఆవిడకి తెలుగులోనూ, పిల్లలకి ఇంగ్లీషులోనూ రాశాను. మా పిల్లలకి తెలుగు వినడం వచ్చు కాని చదవడం అంతగా రాదు.

రెండోది, తాళం లేని ప్రతి. బ్యాంకు కాగితాలకి గట్టి తాళం ఉండవలసిందే. తాతగారి ఫొటోలకి, బామ్మ పాటలకి ఎందుకు? వాటిని మామూలు ఫైళ్ళుగా, ఏ కంప్యూటరుకి తగిలించినా తెరుచుకునే డిస్కులో పెట్టి, రెండు ఇళ్ళల్లో ఉంచాం. పాత ఫాంట్లలో ఉన్న తెలుగుని కనీసం పీడీఎఫ్‌గానైనా మార్చి పెట్టాను.

మూడోది, ముక్కలు పంచుకోవడం. షమీర్ లెక్క అందరికీ అక్కరలేదు. సర్వరు తాళంచెవి వాక్యం మూడు కవర్లలో ఉంది, ఏ రెండు కలిసినా పూర్తవుతుంది. అమ్మాయి దగ్గర ఒకటి, అబ్బాయి దగ్గర ఒకటి, చెల్లెలి దగ్గర ఒకటి.

నాలుగోది, ఆపే పద్ధతి. సర్వరు నడపడం నా సరదా. నా తర్వాత దాన్ని ఎవరూ మొయ్యనక్కరలేదు. అందులోంచి ఏం తీసుకోవాలో, తీసుకున్నాక ఎలా ఆపెయ్యాలో, దేన్ని చదవకుండా చెరిపెయ్యమని నా కోరికో రాశాను. వారసులకి ఇవ్వవలసింది దస్త్రాలే కాని కరణీకం కాదు.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. దసరాకి ఆయుధపూజ చేసేటప్పుడు చాలామందిమి కారుకీ, కంప్యూటరుకీ కూడా కుంకుమ పెడతాం కదా. మా ఇంట్లో ఆ రోజు నోటుబుక్కు మాత్రం చేతికిచ్చి, నేను ఒక్క మాట కూడా సాయం చెయ్యకుండా, మా ఆవిడో పిల్లల్లో ఒకరో సర్వరులోంచి ఒక ఫొటో తియ్యాలి. ఎక్కడ ఆగిపోతే ఆ పేజీ తిరగరాస్తాం. మొదటి ఏడాది నాలుగో అడుగు దగ్గర ఆగారు. పోయిన దసరాకి మా అమ్మాయి ఇరవై నిమిషాల్లో తీసింది.